మోటబావిలో నేర్చిన మలుపు

నంద్యాలలో మా ఇంటికి కొద్ది దూరంలోనే కె.సి. కాలువ పారేది. నాయన మిషన్ బడిలో అయ్యవారు. ఆయన తరగతిలో చదివే ఒక పిల్ల బట్టలు ఉతకడానికి పోయి కాలువలో కొట్టుకుపోయింది. ఆ పిల్లను మట్టిచేసి వచ్చిన రోజు నాయన అన్నం తినలేదు. మరుసటి ఆదివారం ప్రార్థన అయిపోగానే నన్ను కాలువకు తీసుకుపోయాడు. ఎండిన సొరకాయ బుర్రను నా వీపుకు కట్టి, తాను మొలలోతు నీళ్లలో నిలబడి, నన్ను వదిలేశాడు. అవి డెబ్బైల మొదటి ఏళ్లు. నేనింకా చిన్నబడిలోనే ఉన్నాను.

మా వీధిలో వాళ్లకు ఇది నచ్చలేదు. లాగూ చొక్కా వేసుకొని ఆడపిల్ల కాలువలో దూకడమేమిటని అమ్మను అడిగేవాళ్లు. ఒకాయన నాయననే నిలబెట్టి అడిగాడు. నాయన కోపగించుకోలేదు.

"మునిగేటప్పుడు ఆడా మగా అని కాలువ అడగదప్పా" అని సైకిల్ ఎక్కాడు.

నాకు ఈత తొందరగా పట్టుబడింది. బుర్ర తీసేశాక వెల్లకిలా ఈదడం మరీ ఇష్టమైంది. చెవుల్లో నీళ్ల చప్పుడు, పైన ఆకాశం, గట్టున నాయన నడుస్తూ చెప్పే మాటలు సగం సగం. బడి పిల్లల జిల్లా పోటీలు ఆ కాలువలోనే పెట్టారు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాళ్లు కట్టి, ఒక తాడు దగ్గర మొదలుపెట్టి ఇంకో తాడు ముట్టుకోమన్నారు. నాకన్నా పెద్దపిల్లల ముందు నేను గెలిచాను. దాంతో రాష్ట్ర పోటీలకు హైదరాబాదు పంపించారు.

అక్కడ మొదటిసారి ఈతకొలను చూశాను. అడుగు కనిపించే నీళ్లు నేనెప్పుడూ చూడలేదు. అంత లోతు కళ్లకు కనిపించేసరికి మెట్ల కమ్మీ పట్టుకొని మెల్లగా దిగాను. అమ్మ కుట్టిచ్చిన నల్లబట్ట దుస్తులు నీళ్లు తగలగానే సంచిలా ఉబ్బాయి. అయినా సగం దూరం అందరితో సమానంగానే పోయాను. అవతల గోడ వచ్చింది. కాలువకు గోడ ఉండదు కదా. నేను గోడ పట్టుకొని, ఆగి, ఊపిరి తీసుకొని, తీరిగ్గా వెనక్కి తిరిగాను. అప్పటికి మిగతా పిల్లలు గోడను కాళ్లతో తన్ని బాణాల్లా పోయారు. అందరికన్నా చివర వచ్చాను.

అక్కడి కోచ్ ఒక పెద్దాయన. నాయనను పక్కకు పిలిచి, "పిల్లకు చేతులున్నాయి మాస్టారూ. గోడే తెలీదు" అన్నాడు. మోకాళ్లు ఎలా ముడవాలో, పాదాలు గోడకు ఎలా ఆనించాలో నేల మీద కూర్చోబెట్టి చూపించాడు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాయన గోడ గురించే ఆలోచిస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ ఏడే ఆయనకు ఆళ్లగడ్డకు బదిలీ అయింది. వేసవిలో కాలువ ఎండిపోతుంది. పోటీలేమో వేసవి తర్వాతే. ఊరికి కొంచెం దూరంలో ఒక పసుపు తోటలో పెద్ద మోటబావి ఉందని ఎవరో చెప్పారు. నలుచదరం బావి, నాలుగు వైపులా రాతికట్టు, ఒక పక్క మెట్లు. ఎద్దులతో తోడే మోట పోయి ఇంజను వచ్చినా, మోటకు వేసిన రాతి దూలాలు నీళ్ల మీదికి చాచుకొని అలాగే ఉండేవి. నాయన బావిని చూసిన సంతోషం ఇంటికి వచ్చేలోపలే తగ్గిపోయింది. ఆ తోట బాగా భూములున్న పెద్ద కాపుదనం ఇంటిది. మేము క్రైస్తవులమే అయినా, మా తాతలు ఏ వాడ నుంచి వచ్చారో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆ బావి మెట్లు మావాళ్లెవరూ దిగి ఎరుగరు.

అయినా నాయన అడగడానికే పోయాడు, నన్ను వెంటబెట్టుకొని. ఆ ఇంటి యజమానురాలు భర్త పోయిన ముసలామె. వాకిట్లో మంచం మీద కూర్చొని చింతపండు ఈనెలు తీస్తోంది. నాయన నిలబడే అంతా చెప్పాడు. లోపలి నుంచి ఆమె కొడుకులిద్దరూ వచ్చి, అది కుదరదన్నారు. రేపు ఊరంతా ఏమనుకుంటుంది అన్నారు. ఆమె ఈనెలు తీయడం ఆపలేదు.

"అది తాగే బావి కాదు, తోటకు పారే బావి. పసుపుకు లేని మైల మీకు యాడ నుంచి వచ్చెరా?" అంది.

కొడుకులు లోపలికి పోయారు. తర్వాత ఆమె నా వైపు చూసి, ఇంజను ఆడేటప్పుడు దిగకూడదని, తాను గట్టున లేకుండా అసలే దిగకూడదని చెప్పింది. అంతే. ఆమె మాట మీద మాట ఆ ఇంట్లో ఉండదని తర్వాత తెలిసింది.

ఆ వేసవంతా పొద్దున్నే నాయన సైకిల్ మీద నన్ను అక్కడికి తీసుకుపోయేవాడు. అవ్వ అప్పటికే వచ్చి మోటరాయి మీద కూర్చొని ఉండేది. బావిలో గట్టిగా నాలుగు బారలు వేస్తే గోడ వచ్చేస్తుంది. తిరగడం, తన్నడం, మళ్లీ గోడ. ఈదడం కన్నా తిరగడమే ఎక్కువ. మొదట మోచేతులు గీరుకుపోయాయి. మడమలు రాతికి తగిలి వాచాయి. వెల్లకిలా ఈదితే గోడ కనిపించదు కాబట్టి తల కొట్టుకునేది. ఒకరోజు పైన దూలం నా కళ్ల మీదుగా దాటాక ఒక్క బార వేస్తే గోడ అందుతుందని కనిపెట్టాను. అప్పటినుంచి నేను వెనక్కి చూడలేదు.

అవ్వ పెద్దగా మాట్లాడేది కాదు. ఒకసారి మాత్రం, తాను బండి ఆత్మకూరు దిక్కు పిల్లనని, చిన్నప్పుడు కుందూ ఏట్లో అన్నలతో పాటు ఈదేదాన్నని చెప్పింది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక మరెప్పుడూ దిగలేదట. ఎందుకు దిగలేదవ్వా అని అడిగితే, నేను తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసి, "అత్తగారింట్లో ఈత యాడిదమ్మే" అంది.

మరుసటి రాష్ట్ర పోటీల్లో కొలను మీద రంగు జెండాల తోరణం కట్టి ఉండటం గమనించాను. వెల్లకిలా ఈదేవాళ్లకు గోడ దగ్గరపడిందని చెప్పడానికది. కిందటిసారి అలంకారం అనుకున్నాను. ఈసారి అది నాకు రాతి దూలమే. సగం దూరం దాకా ముగ్గురు పిల్లలు నాకన్నా ముందున్నారు. గోడ దగ్గర తిరిగి, తన్ని, నీళ్ల పైకి వచ్చేసరికి నా పక్కన ఎవరూ లేరు. నేనే మొదట ముట్టుకున్నాను. కిందటేడు నన్ను చూసిన కోచ్ వచ్చి, ఈ మలుపు ఎవరు నేర్పారని అడిగాడు. బావి అని చెబితే నవ్వుతారేమోనని నాయన వైపు చూశాను. నాయన గర్వంగా బావి పేరే చెప్పాడు.

ఆళ్లగడ్డకు రాగానే గుడిలో పాస్టరు ప్రార్థన చేశారు, దండ వేశారు. దండతోనే తోటకు పోయాం. అవ్వ పతకాన్ని చేతిలో తిప్పి చూసి, బంగారమా అని అడిగింది. కాదన్నాను. తిరిగి ఇచ్చేసింది. తర్వాత చీర గోచి బిగించి మెట్లు దిగసాగింది. నేను వద్దన్నాను. నాయన కూడా వద్దమ్మా అన్నాడు. ఆమె వినలేదు. నీళ్లు మొలదాకా వచ్చాక ఒక్క క్షణం ఆగి, వెనక్కి వాలి, కాళ్లు వదిలేసింది. తెల్లటి జుట్టు విడిపోయి నీళ్ల మీద పరుచుకుంది. చేతులు మెల్లగా కదిలాయి. నేను పక్కనే దిగి నిలబడ్డాను కానీ ఆమెను పట్టుకోవలసిన అవసరం రాలేదు. కొడుకులు పరుగెత్తుకుంటూ వచ్చి గట్టు మీద నిలబడిపోయారు.

"ఏందిరా చూస్తాండారు? నాకు ఈత ఇంగా వస్తాంది" అంది అవ్వ.

ఆ తర్వాత కొన్నేళ్లు వెల్లకిలా ఈతలో రాష్ట్రంలో నన్ను ఎవరూ దాటలేదు. జాతీయ పోటీలకు చాలా ఊళ్లు తిరిగాను. బొంబాయిలో మూడో స్థానం వచ్చింది. నా ఈతలో అదే పెద్ద పతకం. బెంగాల్ పిల్లలతో స్నేహం, క్యాంపుల్లో ఉడకబెట్టిన గుడ్లు, కొలనుల్లో మందు కలిపిన నీళ్లకు ఎర్రబడిన కళ్లు, ఎక్కడికి పోయినా సంచిలో అమ్మ కట్టిచ్చిన కొర్ర బియ్యం మురుకులు. ఇప్పుడు తలుచుకుంటే పతకాల కన్నా ఆ మురుకుల వాసనే ముందు వస్తుంది.

ఎనభైల మొదట్లో హైదరాబాదులో ఒక చిన్న పిల్ల నన్ను దాటింది. ఏడాది పొడుగునా కొలనులో పెరిగిన పిల్ల. నేను బాగానే తిరిగాను. ఆమె నాకన్నా బాగా తిరిగింది. చేతి వేళ్ల తేడాతో ఓడిపోయాను. ఆ పిల్ల మా ఇద్దరి వరుసల మధ్య కట్టిన తాడు మీదుగా వంగి, "అక్కా, దెబ్బ తగిలిందా?" అని అడిగింది. నేను ఏడుస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది.

ఊరికి వచ్చి, ఇక మానేస్తానని అవ్వకు చెప్పడానికి పోయాను. ఆమె అప్పటికి మంచం దిగడం లేదు. కొడుకే కుర్చీ తెచ్చి వేశాడు.

"ఎవురి మీద ఓడిపోతివి?"

"చిన్న పిల్లవ్వా."

"ఈత బాగా వచ్చునా దానికి?"

"బాగా వచ్చు."

"సరే మరి" అని నా చేయి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. ఆ చలికాలంలోనే ఆమె పోయింది. కొడుకులు మా ఇంటికి మనిషిని పంపారు. నేను, నాయన అక్కడికి చేరేదాకా శవాన్ని ఎత్తకుండా ఉంచారు.

నాకు నంద్యాలలో ఆడపిల్లల బడిలో ఆటల టీచరు ఉద్యోగం వచ్చి, ఇంటిల్లిపాదీ మళ్లీ అక్కడికే చేరాం. మీరు ఏ ఆటలో ఛాంపియన్ మేడం అని పిల్లలు మొదటి రోజే అడిగారు. ఈత అంటే, నీళ్లు ఎక్కడున్నాయని మైదానమంతా చూశారు. వాళ్లకు నేను ఖోఖో నేర్పాను. నాకు అది సరిగ్గా రాదు. పుస్తకం చూసి, వాళ్లతో పాటే నేర్చుకున్నాను. నాలుగో ఏట మా జట్టు జిల్లాలో గెలిచింది. పిల్లలు నన్ను ఎత్తుకొని మైదానం చుట్టూ తిప్పారు. దుమ్ము కొట్టుకుపోయి, అరిచి అరిచి గొంతు పోయి, ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మతో ఒక్క మాట కూడా సరిగా చెప్పలేకపోయాను.