నేను కట్టిన వాలీబాల్ నెట్టు

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా హైస్కూల్లో ఆడపిల్లలకు నాలుగు వారాల పాటు చివరి గంట వదిలిపెట్టారు. కుట్టుపని, సంగీతం, వాలీబాల్, ఏది కావాలంటే అది నేర్చుకోవచ్చు. ఆడపిల్లలకు వాలీబాల్ పెట్టడం అదే మొదలు. కావలికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న మా పాళెం నుంచి ఆ బడికి వెళ్లే ఆడపిల్లను నేనొక్కదాన్నే. రోజూ ఇసుకలో మూడు మైళ్లు నడిచే కాళ్లు నావి. కుట్టుపనికి నేనెందుకు పేరిస్తాను?

వాలీబాల్‌కు ఏడుగురం పేర్లిచ్చాం. మొదటి రోజు డ్రిల్లు మాస్టారు నెట్టు విప్పి చూస్తే ఎలుకలు కొట్టి చిల్లులమయం చేసేశాయి. ఆయన నా వైపు తిరిగారు.

"నువ్వు పాళెం పిల్లవి గదమ్మా, మీ ఇంట్లో వలలు కట్టేవాళ్లే. దీన్ని బాగుచెయ్యి. ఈలోపల వీళ్లు ఆడతా ఉంటారు."

అటు ముగ్గురు, ఇటు ముగ్గురు సరిపోయారు. గుంజల మధ్య తాడొకటి కట్టుకుని ఆడారు. నేను ఇంటి నుంచి నూలు దారం తెచ్చుకుని, వేపచెట్టు కింద నెట్టు ఒళ్లో పెట్టుకుని వల కన్ను ఒక్కొక్కటే కట్టుకుంటూ కూర్చున్నాను. అలా రెండు వారాలు పోయాయి. దొర్లి వచ్చిన బంతిని వాళ్లకు విసిరెయ్యడమే నాకు దక్కిన ఆట. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో ఆ చెట్టు కిందే తెలిసింది.

నాయనతో చెప్పుకుని ఏడ్చాను. ఆయన అంతా విని, "ముడి బిగించి లాగినావా?" అని అడిగాడు. నాకు ఆయన మీద కూడా కోపమొచ్చింది.

మూడో వారం నెట్టు గుంజలెక్కింది. నడిమధ్యన మాత్రం బంతి దూరేంత చిల్లు ఒకటి వదిలేశాను. తెలిసే వదిలాను. కాసేపటికే బంతి అందులోంచి దూరింది. పైనుంచి పోయిందని ఒకరు, చిల్లులోంచి పోయిందని ఇంకొకరు, ఒకటే గొడవ. మాస్టారు నన్ను పిలిచారు.

"ఇది మరిచిపోయినావా?"

"లేదు సార్. నేను ఆడినాక కడతాను."

"ఏందీ?"

"నేనూ పేరిచ్చినాను సార్. వల కట్టేదానికి ఇయ్యలేదు."

అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఆ గంటంతా ఎండలో నిలబెట్టారు. మర్నాడూ అదే అడిగారు, అదే చెప్పాను, మళ్లీ నిలబెట్టారు. చేపలు ఎండబెట్టే ఇసుకలో పెరిగినదాన్ని, ఎండ చూపించి నన్ను బెదిరిస్తారా? చిల్లు అలాగే ఉంది, గొడవా అలాగే ఉంది.

నాలుగో వారం ఆఖరి రోజు ఆయనే విసిగిపోయారు. "కట్టు తల్లీ. కట్టి ఇప్పుడే ఆడు, నేనేమన్నా వద్దన్నానా?"

అందరూ చూస్తుండగా నిలబడే కట్టేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఓణీ నడుముకు బిగించి, బంతి అందుకుని, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. అది పోయి సరిగ్గా నేను అప్పుడే కట్టిన చోట తగిలింది. అందరూ పగలబడి నవ్వారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నెట్టు మాత్రం ఊగిందే గాని ఒక్క ముడీ జారలేదు.

బంతి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికే వచ్చింది. పక్కనున్న పిల్ల అలవాటుగా చెయ్యి చాపింది. నేను బంతిని చంకలో పెట్టుకుని, "ఇంకోటి కొడతాను సార్," అన్నాను. ఆయన సరేననేదాకా ఎవరికీ ఇవ్వలేదు.