వ్యానుకు వేడినీళ్ళు

చలికాలం వచ్చిందంటే పాలవ్యాను డ్రైవరుకు ఇంట్లో ఒక పని, వీధిలో ఒక పేరు తగులుకుంటాయి. పనేమిటంటే, చలికి నెయ్యిలా పేరుకున్న డీజిల్‌ని కరిగించడం. డీజిల్ ఫిల్టరుకు పాత తువ్వాలు చుట్టి, భార్య కాచి ఇచ్చిన వేడినీళ్ళు దాని మీద పోసి, ఆనక తాళం తిప్పాలి. పేరేమో ‘స్నానాలాయన’.

"ఏం స్నానాలాయనా, ఇవాళ బండికి సబ్బు రుద్దలేదా?" అనేవాడు ఎదురింటి టైలరు. రోజూ అదే జోకు. ఇతనికి మాత్రం రోజూ కొత్తగా ఒళ్ళు మండేది.

దానికి తోడు డెయిరీ సూపర్‌వైజరొకడు. "ఇంకొక్కసారి దుకాణాలకు పాలు లేటయ్యాయో, నీ లైను వేరేవాడికి ఇచ్చేస్తా" అని నలుగురిలో అనేశాడు. పెళ్ళి కాకముందు నుంచి తోలుతున్న లైను! ఏ దుకాణం షట్టరు మొరాయిస్తుందో, ఏ సందులో కుక్క వెంటపడుతుందో అన్నీ తెలుసు. అది పోతే ఇంక తనకు మిగిలేదేముంది?

అప్పుడు బావమరిది రంగంలోకి దిగాడు. వాడు చెయ్యి పెట్టని పనీ లేదు, పూర్తిచేసిన పనీ లేదు. ఫిల్టరుకు హీటరొకటి బిగించి, వైరు బ్యాటరీకి కలిపి, "స్విచ్చి వేసి హాయిగా టీ తాగిరా బావా, చాలు" అన్నాడు.

"రేపట్నుంచి నీ వేడినీళ్ళతో పన్లేదు" అని భార్యకు దర్జాగా చెప్పాడు డ్రైవరు.

"అమ్మయ్య" అందావిడ.

పొద్దున్నే స్విచ్చి వేశాడు. టీ తాగాడు. హాయిగానే తాగాడు, పైగా రెండో కప్పు కూడా అడిగాడు. వచ్చి తాళం తిప్పితే బండి ‘టిక్’ అంది. మళ్ళీ ‘టిక్’. అంతే! ఫిల్టరు చూస్తే చెయ్యి పెట్టలేనంత వేడి. ఆ వేడికి ఉన్న కరెంటంతా ధారపోసి బ్యాటరీ చేతులెత్తేసింది.

"దీని దుంపతెగ!" అని టైరును ఒక్క తన్ను తన్నాడు. టైరుకేం కాలేదు, బొటనవేలు వాచింది. బావమరిదికి ఫోన్ చేశాడు.

"అంతసేపా బావా? టీ అంటే నాలుగు గుక్కలే కదా!"

"నీ గుక్కలు నాకెలా తెలుస్తాయిరా!"

వీధివాళ్ళంతా తోశారు. టైలరు కూడా తోశాడు, నోరు మాత్రం ఆపకుండా. బండి దగ్గి దగ్గి లేచి డెయిరీకి చేరేసరికి పాలు వేరే వ్యాను ఎక్కేశాయి. సూపర్‌వైజరు అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఇలాంటి మాటలైతే భలే నిలబెట్టుకుంటారు!

మర్నాడు చలి ఇంకా పెరిగింది. పని పోయినా మెలకువ వేళకే వచ్చింది. ఎవరో తలుపు కొడితే తీశాడు. లైను దక్కించుకున్న కొత్త డ్రైవరు, పక్క సందులోవాడే, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అన్నా, ఏమనుకోకు. నా బండి లేవట్లేదు. నువ్వేదో వేడినీళ్ళు పోస్తావట కదా..."

తలుపు మొహాన వేసేద్దామనుకున్నాడు. ఇంతలో వెనక నుంచి భార్య పొగలు కక్కే గిన్నెతో వచ్చింది.

"అలవాటు చొప్పున కాచేశాను. ఏం చెయ్యమంటారు?"

"ఇలా తే" అన్నాడు కోపంగానే. "వీడికిస్తే ఇంజిన్ మీద గుమ్మరిస్తాడు."

తువ్వాలు చుట్టాడు, నీళ్ళు పోశాడు. బండి ఒక్క తిప్పుకే లేచి డెయిరీ వైపు వెళ్ళిపోయింది. ఖాళీ గిన్నె పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డ స్నానాలాయనను టైలరు తన గుమ్మంలోంచి చూశాడు. ఆ రోజు జోకు వెయ్యలేదు. అన్నిటికన్నా దానికే ఇతని కడుపు రగిలిపోయింది.