పరువు తీగ

మా చెల్లెల్ని ఇంట్లో అందరం స్క్రూ అంటాం. చిన్నప్పుడు గోడ గడియారం, ఫ్యాను, అమ్మ కుట్టుమిషను, దేన్నీ వదిలిపెట్టలేదు. విప్పేది, మళ్లీ బిగించేది, చివరికి ఒక స్క్రూ మిగిలిపోయేది. అమ్మ చీపురు అందుకునేసరికి వచ్చి నా వెనక దాక్కునేది. తన్నులు నాకు, చదువు దానికి. దానికి ఇంజినీరింగులో సీటొచ్చిన రోజు వీధంతా వినపడేలా కేకలు పెట్టింది కూడా నేనే.

నేను రేకుల షెడ్డులో ప్రెస్సు మీద పనిచేసేవాణ్ణి. తలుపులకి వేసే బందులు చేస్తాం. రేకు లోపల పెట్టి పెడల్ తొక్కితే పైనుంచి ఇనప దిమ్మ దభీమని పడుతుంది, ముక్క తెగుతుంది. ఆ ముక్కని పట్టకారుతో లాగాలి, చెయ్యి మాత్రం పెట్టకూడదు. మా షెడ్డులో తొందరపాటు మనుషులెవరో కనుక్కోవాలంటే వేళ్లు చూస్తే చాలు.

మొదటేడు కాలేజీలో చెల్లెలికి ఇనప ముక్క ఇచ్చి, ఆకురాయితో రాకి చదరంగా చెయ్యమన్నారట. అరచేతుల నిండా బొబ్బలతో వచ్చి ఏడుపు మొహం పెట్టింది.

"ఎంత రాకినా చదరం రావట్లేదు అన్నయ్యా!"

"వంకర ముక్కలో లేదు ఇంజినీరమ్మా, నీ చేతిలో ఉంది" అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు, ముక్కని మాత్రం చదరం చేసే వదిలింది. మొండిఘటం.

తర్వాతేడు వేళ్ల నిండా సోల్డరింగు వాతలు. రోజూ కాలేజీ కబుర్లు చెప్పేది, నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి. వాళ్ల ల్యాబులో ప్రయోగం చేసి సమాధానం కనుక్కోరట. రావలసిన సమాధానం ముందే రాసుకుని, దానికి సరిపడా రీడింగులు వేసుకుంటారట. ప్రాజెక్టులదీ అదే తంతు. చూపించే రోజు ఏ భాగం మొరాయిస్తే, దాని పక్కనుంచి కరెంటు దాటిపోయేలా ఒక చిన్న తీగ ముక్క అతికించేస్తారు. మార్కులు పడ్డాక పీకేస్తారు. దానికి పరువు తీగ అని ముద్దుపేరు కూడానూ. అది చెబుతుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఎంత వెర్రివాణ్ణి!

ఆఖరేడు ఒకరోజు నాకు క్యారియరు ఇవ్వడానికి షెడ్డుకొచ్చింది. సరిగ్గా అప్పుడే పక్క ప్రెస్సు పెద్దాయన బొటనవేలు పోయింది. అది అక్కడే గోడకి జారబడి కూర్చుండిపోయింది. మర్నాడు పొద్దున్నే నా మంచం దగ్గరికొచ్చి, "అన్నయ్యా, నా ప్రాజెక్టు నీ ప్రెస్సే" అంది.

ఊరికే వస్తుంటే ఓనరుకి చేదా? సరేనన్నాడు. చెల్లెలు ప్రెస్సుకి ఒక పెట్టె బిగించింది. ముందు వైపు ఒక కాంతి గీత, కిటికీ వైపు ఇంకో గీత. ఏ గీతకి చెయ్యి అడ్డొచ్చినా, పెడల్ ఎంత తొక్కినా దిమ్మ కదలదు. నేను మోచేతి దాకా లోపల పెట్టి, ధనాధనా పెడల్ తొక్కి అందరికీ చూపించేవాణ్ణి.

"చూశారా, మా చెల్లెలంటే దిమ్మకి కూడా హడలే!"

పట్టకారు మూలన పడేశాను. పెడల్ మీంచి కాలు తియ్యడం కూడా మానేశాను.

ఒక్కటే తంటా. మధ్యాహ్నం ఎండ కిటికీ వైపు గీతని పట్టే కన్ను మీద సూటిగా పడేది. అప్పుడు ఏ చెయ్యీ అడ్డు లేకుండానే ప్రెస్సు ఆగిపోయేది. "నీ చెల్లెలు అలిగిందిరోయ్" అని షెడ్డంతా ఒకటే గోల. కంటికి చిన్న గొట్టం తొడిగితే ఎండ పడదని, చేయిస్తానని చెల్లెలు అంటూనే ఉంది. ఇంతలో ఎగ్జామినరు ఊడిపడ్డాడు, అదీ మధ్యాహ్నం పూట.

నేను టీకి వెళ్లినప్పుడు అది కిటికీ వైపు గీతకి పరువు తీగ పెట్టింది. ఎగ్జామినరు ముందు వైపు నుంచి కర్ర పెట్టి చూశాడు. దిమ్మ ఆగింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఆగింది. "శభాష్ అమ్మా" అన్నాడు. పక్క వైపు ఎవరు చూస్తారు? దాని స్నేహితురాళ్లు దాన్ని అమాంతం ఎత్తుకుని తిప్పారు. ఆ సంబరంలో తీగ పీకడం మర్చిపోయింది.

మర్నాడు ఒక ముక్క ఇరుక్కుంది. దగ్గరని కిటికీ వైపు నుంచి చెయ్యి పెట్టాను. కాలు పెడల్ మీదే ఉంది.

కుడి చేతికి బొటనవేలు మిగిలింది, అంతే.

ఆసుపత్రిలో స్క్రూ నా పక్కన నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "తీగ నేనే పెట్టాను అన్నయ్యా. తియ్యడం మర్చిపోయాను" అంది. లాగి లెంపకాయ కొడదామనుకున్నాను. కొట్టే చేతికే కట్టు. అది మంచం కోడు పట్టుకుని కిందకి కూలబడి, వెక్కివెక్కి ఏడ్చింది. దాని ఏడుపు నేనెప్పుడూ చూడలేను. "నోర్ముయ్, ఎవరితోనూ అనకు" అన్నాను.

తర్వాత ఓనరు తన గదికి పిలిపించాడు. అమ్మ వచ్చింది, చెల్లెలు, వాళ్ల సారు వచ్చారు. ఓనరు పెట్టె విప్పి తీగ చూపించాడు.

"ఇది ఎవరి పని?"

"నాదే" అన్నాను. "ఎండకి మాటిమాటికీ ఆగిపోతుంటే విసుగొచ్చి పెట్టాను."

ఒట్టు, దాన్ని కాపాడాలనే అన్నాను. అన్నాక మాత్రం దాని మొహం వంకే చూశాను. లేచి "అబద్ధం, నేను పెట్టాను" అంటుందనుకున్నాను. అంటే నేనే దాని నోరు మూయించేవాణ్ణి. అయినా అనాలి కదా!

సారు దాని వైపు తిరిగారు. "అంతేనా అమ్మా?"

"అంతే సార్" అంది.

చేజేతులా చేసుకున్నాడని ఓనరు తేల్చేశాడు. నా ఉద్యోగం ఊడింది. దాని చదువు పూర్తయింది, మిషన్లు తయారుచేసే కంపెనీలో మంచి ఉద్యోగమే వచ్చింది. నా చొక్కా గుండీలు అదే పెడుతుంది. ఇంట్లో ఏ లోటూ రానివ్వదు. కానీ ఆ మాట ఎత్తదు. నాకు కోపం. వేళ్లు పోయినందుకు ఎప్పుడో సరిపెట్టుకున్నాను, ఆ రెండు ముక్కలే మింగుడుపడవు.

పాపం అమ్మకి ఇప్పటికీ తెలీదు. నాకు అన్నం కలిపి నోట్లో పెడుతూ రోజూ సాధిస్తుంది. "పిల్ల రెక్కలు ముక్కలు చేసుకుని నీ కోసం చేస్తే, దాన్ని పాడుచేసి, చెయ్యి పోగొట్టుకుని, దాని కష్టం బూడిదపాలు చేశావు కదరా!" వంటింట్లో గిన్నెలు కడుగుతున్న నా చెల్లెలు కుళాయి కట్టేసి వింటుంది. నేనేం జవాబివ్వకపోతే, మళ్లీ కుళాయి తిప్పుకుంటుంది.