ఓదెలుకు లొంగని ఇంజన్

మా గీదం ఊళ్లో మెకానిక్ ఓదెలు చేయి పడితే స్టార్ట్ కాని బండి లేదు. ఆ సంగతి మనం మరిచిపోయినా ఆయనే గుర్తుచేసేవాడు. పక్కింట్లో ఉంటాను కాబట్టి ఆ గొప్పలు వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

మిలిటరీవాళ్లు ఎప్పుడో వేలంలో వదిలించుకున్న పాత లారీని ఆయన తుక్కు కింద కొని పెరట్లో నిలబెట్టాడు. సాయంత్రమైతే దాని కిందే ఉండేవాడు. బజార్లో దొరకని సామాన్లను జగదల్‌పూర్‌లో చేయించి తెచ్చేవాడు. భార్య సమ్మక్క టీ గ్లాసు బానెట్ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయేది. ఆమెది ఉసూర్ వైపు అడవి పల్లె. ఆమె చిన్నప్పుడే ఆ ఊరు ఖాళీ అయింది. అంతకుమించి ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున ఇంజన్ స్టార్టయింది. వీధంతా అదిరింది. గోడ ఇవతల నేను చప్పట్లు కొట్టాను.

"ఇన్నవానే!" అంటూ ఓదెలు వంటింట్లోకి పరుగెత్తాడు. నేనూ గోడ దూకి వెనకే వెళ్లాను.

పొయ్యిలో నీళ్లు పోసి ఉన్నాయి. సమ్మక్క లేదు. వెతికితే పెరటి చివర కట్టెల మోపు చాటున కనిపించింది. సగం ఉడికిన అన్నం గిన్నెను కొంగుతో పొదివి పట్టుకుని కూర్చుంది.

"ఊరి దిక్కు మిలిటరీ లారీల సప్పుడు ఇనపడితే, పొగ చూసి ఇటే వస్తరని మా అమ్మ పొయ్యి ఆర్పేది," అంది. "ఆ సప్పుడు ఇనంగనే నా చేతులే నీళ్లు పోసినయ్."

ఓదెలు వెళ్లి ఇంజన్ ఆపేశాడు.

తర్వాత లారీకి రంగు కూడా వేశాడు. చూడవచ్చినవాళ్లు స్టార్ట్ చేయమంటే మాత్రం తల అడ్డంగా ఊపుతాడు.

"దీని ఇంజన్ నాతోని కాలేదు తమ్మీ," అంటాడు.

పక్కన నిలబడి నేనూ అవునంటాను.