నల్లకారు మీది గీతలు

యాభై దాటాక చదువు మొదలుపెట్టి, పలక మీద గుండ్రటి అక్షరాలు దిద్దుతుంటే నాకు చాచా మాటే గుర్తొచ్చేది. లక్సెట్టిపేటలో మా దొర నల్లకారు నడిపే డ్రైవర్ ఆయన. కారు తుడిచేటప్పుడు ఆయన చెయ్యి ముందుకూ వెనక్కూ కదిలేదే గాని గుండ్రంగా తిరిగేది కాదు.

ఆయనకు జ్వరమొచ్చిన రోజు, చిన్నతనాన ఆ ఇంట్లో గిన్నెలు తోమే నేను, సాయం చేద్దామని కారును కూడా బూడిదతో తోమాను. ఎండ పడేసరికి నల్లరంగు నిండా సాలెగూడులాంటి గీతలు తేలాయి.

"ఎవలు చేసిండ్రు గిది?" దొర అరిచాడు.

"నేనే సాబ్," అన్నాడు చాచా, దుప్పటి కప్పుకునే వచ్చి.

"మూడు దినాలల్ల పోవాలె. ఒక్క గీత కనవడ్డా నీ నౌకరీ పోయినట్టే."

మూడు రోజులూ చాచా కారును నీడలో పెట్టి, మెత్తటి గుడ్డకు పాలిష్ రాసి రుద్దాడు. చివరికి వెనక తలుపు మీద అరచేయంత మిగిలింది. గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నేనొద్దు చాచా! మల్ల ఖరాబైతే?"

"గోల్ గోల్ తిప్పకు బేటీ. సీదా రుద్దు. గిన్నె అనుకుంటున్నవా?"

ముందుకూ వెనక్కూ రుద్దాను. దొర వచ్చి సరిగ్గా అక్కడే వంగి, అటూ ఇటూ చూసి, గీత దొరక్క లోపలికి పోయాడు.

ఆ కాస్తా తనే రుద్దుకుంటే చాచాకు ఏ గండమూ ఉండేది కాదు. ఆయనకు కొలువంటే లెక్కలేదా, నా చెయ్యి మీద అంత నమ్మకమా? నాకిప్పటికీ తెలియదు. నేను రుద్దుతున్నంతసేపూ ఆయన ఇటు చూడనైనా లేదు. బీడీ ముట్టించి, గోదావరి వైపు తిరిగి కూర్చున్నాడు.