ముందే కొట్టిన టెంకాయ

ప్రొద్దుటూరులో మా వీధిలో ఫుట్‌బాల్ ఆడినవాడు ఒక్కడూ లేడు. పిల్లలకు ఖాళీ జాగా దొరికితే వికెట్లు పాతుతారే తప్ప గోలుపోస్టులు పాతరు. అట్లాంటి వీధి ఒక ఏడాది, సౌదీలో ఎక్కడో ఉన్న ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఓడిపోవాలని ఇంటింటా మొక్కుకుంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

కారణం పక్కింటి మామ. మా అమ్మ ఆయన్ను తమ్ముడా అంటుంది, కాబట్టి నాకు మామ. అంతకుమించి చుట్టరికం లేదు, వాళ్లది నమాజు చేసే ఇల్లు, మాది ఆంజనేయస్వామి ఇల్లు. మామ ఏళ్లుగా ఆ క్లబ్బు స్టేడియంలో ఊడ్చే పని చేస్తున్నాడు. ఆయన కూతురికి జమ్మలమడుగు సంబంధం కుదిరింది. నిఖాకు తేదీ పెట్టుకుని, షాదీఖానా మాట్లాడుకుని, ఆ తర్వాత మామ సెలవు అడిగాడు. వాళ్ల సూపర్‌వైజరు ఒకటే మాట చెప్పాడట. ఆసియా క్లబ్బుల ఛాంపియన్‌షిప్పులో మన క్లబ్బు సెమీఫైనల్‌కు వచ్చింది, అందులో ఓడితే మరునాడే వెళ్లు, గెలిస్తే ఫైనల్ ముగిసేదాకా ఎవరికీ సెలవు లేదు. నిఖా తేదీ చూస్తే సెమీఫైనల్‌కూ ఫైనల్‌కూ నడుమ పడింది.

నాకు తెలియని సంగతి ఎదురైతే ఊరికే ఉండలేను. జమ్మలమడుగు హైస్కూల్లో సోషల్ చెబుతాను, రోజూ బస్సులో పోయి వస్తాను. ఆ రోజుల్లో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, ఫోన్లో ఆ కప్పు చరిత్ర తవ్వుతూ కూర్చునేవాణ్ణి. ఎంత తవ్వితే అంత వింత. మొదట్లో ఇజ్రాయెల్ క్లబ్బులు గెలిచాయట. ఒక ఏడాది ఫైనల్‌కు చేరిన జట్టు వాళ్లతో ఆడనంటే ఆడనని భీష్మించింది, ఆటే లేకుండా ఫైనల్ అయిపోయింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా కప్పే లేదు. మళ్లీ మొదలుపెట్టారు, పేర్లు మార్చారు, పద్ధతులు మార్చారు. ఆసియాను తూర్పు, పడమర అని రెండు వాటాలు వేసి, రెండు వాటాల మొనగాళ్లు ఫైనల్లోనే తలపడాలని గీత గీశారు. మన దేశం పడమర వాటాలో పడింది. అన్నిటికంటే నన్ను కుదిపింది ఆస్ట్రేలియా. అక్కడి క్లబ్బు ఒకసారి ఆసియా కప్పు ఎత్తుకుపోయింది! ఆస్ట్రేలియా ఆసియాలో ఉందని రాసిన పిల్లకాయల పేపర్లలో నేనెన్ని ఇంటులు కొట్టానో. పటం గీసేవాళ్లు ఒకరు, ఆట ఆడించేవాళ్లు మరొకరు అని ఆ రోజు బస్సులో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంత చదివినవాణ్ణి, చదవాల్సిన ఒక్క ముక్క చదవలేదు. అది చెప్పడానికే ఇదంతా.

మా అమ్మ గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంది. క్లబ్బు ఓడితే మూడు టెంకాయలు కొడతానని. అత్త, అంటే మామ భార్య, దర్గాలో చాదర్ కప్పుతానంది. సెమీఫైనల్ వేరే దేశంలో జరిగింది. మనకు రాత్రి పొద్దుపోయాక మొదలయ్యే ఆట, తెల్లారి చూస్తే ఫోన్లో వార్త ఉంది: క్లబ్బు ఒక గోలు తేడాతో ఓడిపోయింది. నేనే గట్టిగా చదివి వినిపించాను. అత్త పాయసం కాచింది. మా అమ్మ శనివారం దాకా కూడా ఆగలేదు, ఆ పూటే వేంపల్లె బస్సెక్కి గండికి పోయి, పాపఘ్ని ఏట్లో కాళ్లు కడుక్కుని, టెంకాయలు కొట్టి, చిప్పలు సంచిలో వేసుకుని వచ్చింది.

సాయంత్రం మామ ఫోన్ చేశాడు. అందరం సంబరంగా మాట్లాడితే ఆయనకు అర్థం కాలేదు.

"అయిపాయ అంటారేంది? ఇంకోటి ఉండాది గదా, వచ్చే వారం ఈడ" అన్నాడు.

సెమీఫైనల్ అంటే రెండు ఆటలు. ఒకటి అవతలి జట్టు ఊళ్లో, ఒకటి మామ క్లబ్బు ఊళ్లో. రెండింటి గోల్సూ కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్లు ముందుకు పోతారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది మా పని. అమ్మకు చెబితే ఒక పట్టాన నమ్మలేదు. ఆవిడ పుట్టిల్లు రాజుపాలెం, తండ్రి బండలాగుడు పందేలకు ఎద్దుల్ని తోలినవాడు. ఆవిడకు తెలిసిన పోటీ అదొక్కటే.

"ఎద్దులు ఒక్కసారే కదరా లాగేది? ఓడిన కాడిని మళ్లా యాడన్నా కడతారా?"

"కడతారుమా. ఒకసారి వాళ్లూళ్లో, ఒకసారి వీళ్లూళ్లో లాగిచ్చి, రెండు దూరాలూ కూడతారు."

అమ్మ "అట్లయితే న్యాయమే. సొంత నేల మీద ఏ ఎద్దయినా బాగా లాగుతాది" అంది. వెంటనే ముఖం మాడిపోయింది. వచ్చే ఆట ఎవరి నేల మీదో ఆవిడకు అప్పుడు తట్టింది.

రెండో ఆట మర్నాడు ఉదయం పాలు పోసే వేళకు అత్తవాళ్ల వాకిట్లో ఉన్నాం. నేను వార్త చూసేలోపే మామ ఫోన్ వచ్చింది. పెళ్లికూతురు స్పీకర్ పెట్టింది.

"బేటా, జీత్‌గయే!" అన్నాడు మామ.

గెలిచాం అని. గెలిచారు అనలేదు. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. మరుక్షణమే "యా అల్లా" అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల మాత్రం ఫోను వంక చూస్తూ, "ముబారక్ అబ్బా" అంది మెల్లగా.

"అక్క ఉండాదా ఆడ?" అన్నాడు మామ. "తప్పయిపాయక్కా. ఆట జరిగేటప్పుడు మమ్మల్ని లోపలికి రానీరు, మెట్ల కింద నిలబడి అరుపులు ఇంటాంటాం. అరుపును బట్టే గోలు ఎవరిదో తెలుస్తాది. రాత్రి శానా గట్టిగా అరిచినారు. అందురూ ఎగురుతాంటే నేనూ ఎగిరినా. నిఖా సంగతి గ్యాపకమే రాల్యా."

నాకు కోపం వచ్చింది. కన్నకూతురి పెళ్లి మరిచి ఎగరడమేమిటి అనుకున్నాను. కోపం ఎంతోసేపు నిలవలేదు. ఏళ్ల తరబడి ఊడ్చిన చోట మనిషికి 'మనం' అనే మాట ఎప్పుడు పుడుతుందో ఏ చరిత్రలోనూ నేను చదవలేదు.

పులివెందులలో ఉండే మామ తమ్ముడు వచ్చి, తండ్రి బదులు తాను నిలబడి నిఖా జరిపిస్తానన్నాడు. మతం ఒప్పుకుంటుంది, అత్త కూడా ఒప్పుకుంది. పిల్ల ఒప్పుకోలేదు. అబ్బా వచ్చాకే అంది, అంతే. చివరికి నేనే ఆ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, తేదీ మార్చమని అడగడానికి జమ్మలమడుగు పోయాను. "ఆట కోసం పెండ్లి ఆపుతారా యాడన్నా?" అని పెళ్లికొడుకు తల్లి సణిగింది. పిలుపులు పోయాయి, వంటవాళ్లకు చెప్పారు, ఆమె సణగడంలో తప్పేమీ లేదు. పెళ్లికొడుకే, "ఆయన్ను రానీమా" అనడంతో తేదీ మారింది. ఫైనల్ ముగిసిన మరునాటికి మామకు టికెట్టు కూడా తీశారు.

ఆ సాయంత్రం పిల్ల మా ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"అత్తా, గండికి ఇంకోసారి మొక్కుకో."

"ఎందుకే? మీ నాయన ఎట్లయినా వస్తాండాడు గదా?"

"వస్తాడు. క్లబ్బు గెలవాలని మొక్కు. ఓడిపోవాలని మనం మొక్కుకుంటిమి, మా అబ్బా ఆడ మెట్ల కింద నిలబడి గెలవాలని మొక్కుకున్నాడు. ఆయనకు తోడు ఎవురూ ల్యాకపోయిరి."

అమ్మ ఆ పిల్ల తలను భుజానికి ఆనించుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమిరా, ఫైనలు ఎన్ని ఆటలు?"

"రెండుమా."

"అట్లయితే రెండోది అయినాకనే పోతా" అంది అమ్మ. "ఈసారి మీ నాయన్ను గూడా తోడుకోని పోతా పాపా. టెంకాయ ఆయన చేత కొట్టిస్తా."