సమనేల మీద గేజీ పుల్ల

మా చిన్నప్పుడు మా జీపు ఎప్పుడూ దిబ్బ మీదే ఉండేది... ఇంటి ముందు కావలసినంత చోటున్నా సరే, కొట్టం వెనకున్న మట్టిదిబ్బ ఎక్కించి, మూతి కిందికి పెట్టి, చక్రాల ముందు రాళ్ళు వేసేవాడు మా నాయన.

దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. హ్యాండిల్ పెట్టి తిప్పితే ఒకసారి ఎదురు తన్ని నాయన మణికట్టు విరిగింది. ఆ తర్వాత ఇక వాలే దిక్కు. రాళ్ళు తీస్తే జారేది... గేరు వేస్తే దగ్గేది... లేచేది. నాయన పుట్టకముందు తయారైన బండి. టమాటాలు వేసుకుని పత్తికొండ మార్కెట్టుకు పోతుంటే ఊరంతా "ముసిలోడు పోతాండాడు" అనేది.

నాయన దానికి రోజూ చేసే సేవ ఒకటుండేది. పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా బానెట్ ఎత్తి, ఇంజన్లో నూనె ఎంతుందో చూసే గేజీ పుల్లను బయటికి లాగేవాడు. తువ్వాలుతో తుడిచి, మళ్ళీ ముంచి, వెలుతురుకు ఎత్తి చూసేవాడు. ఎప్పుడు చూసినా గీతకు కిందే. "శానా తాగుతాండాడు ముసిలోడు" అంటూ ఇంకాస్త పోసేవాడు. నాకు పాలు కూడా అంత ఆత్రంగా పోసి ఉండడు!

ఆ రోజు కూడా పోశాడు.

పొద్దెక్కాక, ఇంటి పక్కనే బుడ్డల చేన్లో, అదే వేరుశనగ చేన్లో, కలుపు తీస్తున్న అమ్మను నాగుపాము కరిచింది. కుడి పాదం మీద. నాయన ఎత్తుకొచ్చి జీపు వెనక పడుకోబెట్టాడు, తల నా ఒళ్ళో పెట్టాడు. చక్రాల ముందు రాళ్ళను కాలితో తన్నాడు. జీపు జారింది... లేచింది.

"మాట్లాడిస్తా ఉండు మే... కండ్లు మూయనియ్యొద్దు!"

ఏం మాట్లాడాలో తోచలేదు. "రేపు నాకు జడ ఎవరేస్తారుమా?" అని అడిగాను.

"నేనే ఏస్తాలే" అంది అమ్మ.

ఊరు దాటి కాస్త దూరం పోగానే వెనకంతా పొగ... తెల్లగా, నీలంగా. ఇంజన్ గుడగుడలాడింది, తుమ్మింది, ఆగిపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. చుట్టూ నల్లరేగడి చేలు, బల్లపరుపు రోడ్డు. బస్సు సాయంత్రానికి గానీ లేదు. అమ్మ కాలు అప్పటికే మోకాలి దాకా వాచింది.

నాయన బానెట్ ఎత్తి పుల్ల లాగాడు. చూసి అలాగే నిలబడిపోయాడు. నూనె గీత దాటి ఇంకా బెత్తెడు పైకి తడి చేసి ఉంది.

అప్పుడు తెలిసింది ఆయనకు. దిబ్బ మీద మూతి కిందికి ఉంటే నూనె అంతా ముందుకు జారిపోయి, వెనకగా ఉన్న పుల్లకు కొంచెమే అంటేది. తక్కువైందనుకుని రోజూ పోశాడు. నిండిపోయిన నూనె నురగలెత్తి, పైకెక్కి, నిప్పు పుట్టించే ప్లగ్గులను ముంచేసింది.

"సమనేల మీద సూడాల్సింది మే... నా చేతులారా నేనే సంపుకుంటాండా మీ యమ్మను" అన్నాడు.

పానా తీసుకుని బండి కిందికి దూరాడు. బోల్టు విప్పగానే మరిగిన నూనె మోచేతి దాకా కారింది. వేళ్ళతోనే బోల్టు బిగించి, లేచి పుల్ల ముంచాడు. ఇంకా ఎక్కువే. మళ్ళీ దూరాడు. ఎక్కువ వదిలేస్తే తిరిగి పోయడానికి దగ్గర చుక్క లేదు. ఈసారి సరిగ్గా గీత మీదికొచ్చింది. ప్లగ్గులు విప్పి నా వైపు చెయ్యి చాపితే పావడ అంచు ఇచ్చాను. దానికే తుడిచాడు.

"జడ ఎవరేస్తారుమా?" అంటే అమ్మ "ఊ" అంది. తర్వాత ఆ "ఊ" కూడా లేదు. నేను ఏడుస్తూ అమ్మ చెంపల మీద కొట్టాను... కన్నతల్లిని! నా అరచేతులు ఆ దెబ్బను ఇప్పటికీ మరిచిపోలేదు.

నూనె సరిపోయింది. మరి బండి లేపడానికి వాలేదీ? నూనె చూడ్డానికి సమనేల కావాలి, బండి లేవడానికి వాలు కావాలి. ఆ రెండూ మాకు ఒక్కచోట ఎన్నడూ దొరకలేదు.

నాయన చేల వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు. "ఎవురన్నా ఉండారా... రాండమ్మా... నా పెండ్లాం సచ్చిపోతాండాది!"

నాయన ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

పత్తి చేన్లో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు కొడవళ్ళు పడేసి పరుగెత్తుకొచ్చారు. ముందొచ్చిన పెద్దామె కొంగు దోపుకుని, "నువ్వు పోయి స్టీరింగు పట్టుకోన్నా, తోసేకి మేము లేమా?" అంది. కాలే తారు మీద వట్టికాళ్ళతో తోశారు. దగ్గింది... ఆగింది. ఒకామె "ఏసయ్యా" అంది, ఇంకొకామె "ఎల్లమ్మ తల్లీ" అంది. మళ్ళీ తోశారు.

లేచింది.

అమ్మ బతికింది. చాలా రోజులు ఆసుపత్రిలోనే ఉంది. కుడికాలు ఇప్పటికీ పూర్తిగా మడత పడదు.

ఇంటికొచ్చాక నాయన మొదట చేసిన పని, ముంగిట్లో నాపరాళ్ళు పరిపించడం. ఒక్కో రాయి మీదా నీళ్ళ పళ్ళెం పెట్టి, నీళ్ళు ఒక పక్కకు ఒరగకుండా సమం చేయించాడు. రోజూ పొద్దున్నే జీపును ఇంజన్ లేపకుండా ఊరికే జార్చి ఆ రాళ్ళ మీదికి తెచ్చేవాడు. నూనె చూసుకున్నాక ఇంటిల్లిపాదీ దాన్ని మళ్ళీ దిబ్బ మీదికి తోసేవాళ్ళం. ఊళ్ళోవాళ్ళు పిచ్చి పట్టిందని నవ్వేవారు. నాయన మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.

ఇప్పుడు నాయనా లేడు, ముసిలోడూ లేడు. నా కారులో నూనె తగ్గితే దానంతటదే దీపం వెలుగుతుంది. అయినా సర్వీసుకు తీసుకెళితే, వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చున్న అమ్మ ఊరుకోదు. "నేల సమంగా ఉండాదో లేదో సూడమను మే..." అంటుంది. నేను దిగి చూసి చెప్పేదాకా స్థిమితపడదు.

ఆ రోడ్డు ఇప్పుడు ఎంత వెడల్పయిందో! అద్దాలు బిగించుకుని అందరూ దూసుకుపోతున్నారు... నాయనలా నిలబడి అరిస్తే ఎవరికి వినిపిస్తుంది?

మీ బండి ఆగిపోయిన రోజు పరుగెత్తుకొచ్చి తోసిందెవరు? పేరు తెలిస్తే ఇక్కడ రాయండి... మా జీపును తోసినవాళ్ళ పేర్లు మాకు తెలియనే లేదు.